ఎద్దుల జతా, కబడ్డీ టీమూ

చిట్టికీ, దాని భుజం మీంచి ఈ ఉత్తరంలోకి తొంగిచూసే మిగతా పిల్లలకీ,

‘నన్ను కబడ్డీ కెప్టెన్‌ని చేశారు తాతయ్యా, కానీ ఎవరూ నా మాట వినట్లేదు. గట్టిగా అరిస్తే అలిగి వెళ్లిపోతున్నారు’ అని రాశావు. చదవగానే నాకు మా నాన్న కాడి గుర్తొచ్చింది. కెప్టెన్‌కీ కాడికీ ఏం సంబంధం అనకు, కాస్త ఓపిక పట్టు.

మాకు రెండెద్దులు ఉండేవి. కర్రెద్దుకి బలం ఎక్కువ, మైలెద్దుకి వయసు ఎక్కువ. పక్క చేనాయన ఎద్దు నెమ్మదిస్తే చాలు, ములుకోలతో పొడిచేవాడు. మా నాన్న పొద్దున్నే కొట్టంలోకి వెళ్లి, గాడిలో గడ్డి ఎంత మిగిలిందో చూసేవాడు. మైలెద్దు మేత మిగిల్చిందంటే దానికి ఒంట్లో బాగాలేదన్నమాట. ఆ రోజు నాగలిని కాడికి కట్టే తాడును నడిమధ్యన కాకుండా కర్రెద్దు వైపు నాలుగు వేళ్లు జరిపి కట్టేవాడు. బరువులో ఎక్కువ వాటా కర్రెద్దు మీదికి పోయేది. చూసేవాళ్లకి రెండూ సమానంగా లాగుతున్నట్టే ఉండేది. నేనేమో మైలెద్దుకి చాటుగా బెల్లం పెట్టేవాణ్ని. ఒకసారి అది బెల్లంతో పాటు నా చొక్కా జేబు కూడా నమిలేసింది. అమ్మ చేతిలో దెబ్బలు నాకే!

తాడు కట్టడం నేర్పమంటే నాన్న, ‘ముందు గాడిలోకి చూడటం నేర్చుకోరా’ అనేవాడు.

నేను మీ స్నేహితుల్ని ఎద్దులన్నానని వాళ్లకి చెప్పకు తల్లీ. అసలు సంగతికి వస్తున్నా.

ఎర్నెస్ట్ షాకిల్టన్ అని ఒకాయన 1914లో అంటార్కిటికాను ఈ కొస నుంచి ఆ కొసకి దాటాలని బయల్దేరాడు. ఆయన ఓడ ఎండ్యూరెన్స్ 1915 జనవరిలో మంచులో ఇరుక్కుపోయి, నవంబరులో మునిగిపోయింది. మొత్తం 28 మంది మంచు మీద మిగిలారు. అరిస్తే ఎటు పోతారు, చుట్టూ మంచే! అయినా ఆయన అరుపుల్ని నమ్ముకోలేదు. ఎప్పుడూ సణిగేవాళ్లని తన గుడారంలోనే పెట్టుకున్నాడు, ఆ సణుగుడు మిగతావాళ్లకి అంటకుండా. సామాను తగ్గించమని తన బంగారు నాణేలే మంచులో పారేసి, ఒకతని బాంజో అనే తీగల వాయిద్యాన్ని మాత్రం వెంట తెమ్మన్నాడు. వెచ్చటి బొచ్చు పడక సంచులు అందరికీ సరిపోకపోతే, అవి మామూలు నావికులకి వెళ్లేలా చూసి, తాను పల్చటి ఉన్ని సంచిలో పడుకున్నాడు. ఉన్నది పంచుకోవడం అక్కడ అందరి నియమం. ముందు పాటించింది నాయకుడు.

తర్వాత ఆరుగురు చిన్న పడవలో సాయం కోసం దాదాపు 1,300 కిలోమీటర్లు సముద్రం మీద వెళ్లారు. పడవలో ఎవరైనా చలికి మరీ వణికిపోతుంటే, షాకిల్టన్ వెంటనే అందరికీ వేడి పాలు ఇమ్మనేవాడు. ఎవరి కోసమో చెప్పేవాడు కాదు. చెబితే ఆ మనిషి సిగ్గుపడతాడు కదా. మా నాన్న తాడు జరిపింది కూడా ఇలాగే కాదూ! 1916 ఆగస్టు 30 నాటికి ఆ 28 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అంత చలిలో ఇంకొకడి వణుకు ఆయన కంటికి ఎలా ఆనేదో, నాకిప్పటికీ ఆశ్చర్యమే.

నువ్వూ టీమ్‌తో కూర్చుని ఒకటి రెండు మాటలు అనుకో. తగిలితే రిఫరీ అడక్కముందే చెయ్యెత్తాలి. ఓడితే ఎవరి పేరూ ఎత్తకూడదు. అందరూ సరేనన్నాక, మొదటి చెయ్యి నీదే లేవాలి సుమా.

రేపు ప్రాక్టీసుకి కొంచెం ముందే వెళ్లు. ఎవరు బ్యాగు విసిరికొట్టారో, ఎవరు ఎవరికి దూరంగా కూర్చున్నారో చూడు. ఔటై గీత బయట కూర్చున్న పిల్ల ఎటు చూస్తోందో చూడు. మనవాళ్లు అవతలివాళ్లని ఔట్ చేస్తే ముందు ఔటైన వాళ్లు ముందు లోపలికి వస్తారు కదా, అలా వచ్చేటప్పుడు ఆ పిల్లని పేరు పెట్టి పిలువు. చూసినవన్నీ నాకు రాయి, స్కోరు రాయకపోయినా ఫర్వాలేదు.

మీ తాతయ్య