‘మనసు గట్టి చేసుకో’ అంటే సరిపోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: బతకాలని లేదంటున్నారంటే మనసు బలహీనం. గట్టి చేసుకుంటే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: తిరుపతిలో మానసిక వైద్యుడిగా నేను రోజూ వినే మాట ఇది. పలమనేరు వైపు టమాట రైతు ఒకాయన్ను వాళ్ళన్న తీసుకొచ్చాడు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). ధర పడిపోయింది, అప్పుంది. అయితే ధర పడటం ఆయనకు కొత్త కాదు. పడిన ప్రతిసారీ మళ్ళీ నారు పోసిన మనిషే. ఈసారి మాత్రం రెండు నెలలుగా తెల్లవారుజాము మూడింటికే మెలకువ. ముద్ద దిగదు. మనవరాలు ఒళ్ళోకొచ్చి కూర్చున్నా చెయ్యి వేయడు. “నేను లేకుంటే వాళ్ళకు బరువు తగ్గతాది సార్” అన్నాడు.

జ్వరం వచ్చిన నోటికి అన్నం చేదుగా ఉన్నట్టే, డిప్రెషన్ వచ్చినప్పుడు ఉన్న దారులు కూడా కంటికి ఆనవు. అలాంటి మనిషిని ధైర్యం తెచ్చుకోమంటే ఎక్కడి నుంచి తెస్తాడు?

మందులు మొదలుపెట్టాం. వాటి గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అందాకా ఒంటరిగా వదలొద్దని, పొలం మందులు ఇంట్లో ఉంచొద్దని వాళ్ళన్నకు చెప్పాను. తర్వాత ఒకరోజు అడిగాను: “ఈ అప్పు మీ అన్నకే ఉంటే ఆయనకేం చెప్తారు?” చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. “మనిషుంటే అప్పు తీర్చుకోవచ్చు అంటా సార్” అన్నాడు. ఆ మాట తనకూ వర్తిస్తుందని నమ్మడానికి ఇంకో నెల పట్టింది.

అపోహ: చావాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

వాస్తవం: పుట్టదు. పరిశోధనల్లోనూ అలా తేలలేదు. ఆ అన్న పదిరోజులు ఈ భయంతోనే అడగలేదట. చివరికి నా ముందే “ఏం రా, అట్లాంటి తలపు వస్తా ఉందా?” అన్నాడు. తమ్ముడు అన్న చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. నేరుగా అడగండి. అడిగాక సలహాలు ఆపి వినండి.

అపోహ: కొండకు నడిచి వెళ్ళొస్తే చాలు, మందులెందుకు?

వాస్తవం: తప్పకుండా వెళ్ళండి. అలిపిరి నుంచి 3,550 మెట్లూ పక్కన ఒక తోడుతో ఎక్కండి. మందు మాత్రం ఆపకండి.

అపోహ: ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషిని ఆసుపత్రికి తెస్తే జైలే.

వాస్తవం: ఈ భయంతో విలువైన గంటలు పోగొట్టుకుంటున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించమంటుంది, శిక్ష వద్దంటుంది. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకు సమాచారం ఇచ్చినా కంగారు పడకండి. ముందు తీసుకురండి.

మానసిక బాధల్లో సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. బాధలో ఉన్నవాళ్ళే చేయాలని లేదు, ఇంట్లోవాళ్ళూ చేయొచ్చు.