లేడీ మాక్‌బెత్ నిద్రలో నడిచిందా? ఆ వైద్యుణ్ని నమ్మొచ్చు

షేక్స్‌పియర్ నాటకం ‘మాక్‌బెత్’లో రాజు డంకన్‌ను చంపమని భర్తను పురిగొల్పిన లేడీ మాక్‌బెత్, అయిదో అంకం మొదటి రంగంలో నిద్రలో నడుస్తూ మాట్లాడుతుంది. అక్కడ ఆమెను చూడవచ్చిన వైద్యుడి మాట ఒకటి చదివేవాళ్లను తికమక పెడుతుంది. ఒకేసారి నిద్ర మేలూ పొందుతూ, మెలకువలో చేసే పనులూ చేయడం ప్రకృతిలో పెద్ద కల్లోలమే అంటాడు. క్లాసులో ఈ రంగాన్ని ‘అపరాధభావానికి ప్రతీక’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సుమారు 1606 నాటి ఈ మాట నాకు మాత్రం అచ్చమైన రోగలక్షణ వర్ణనలా కనిపిస్తుంది.

నిద్రనడక సాధారణంగా కలలు ముమ్మరంగా వచ్చే రెమ్ దశలో రాదు. అప్పుడు మెదడు అడుగున ఉండే మెదడుకాండం కండరాలను సడలించి కదలకుండా ఉంచుతుంది, మంచం దిగలేం. నడక మొదలయ్యేది ఎన్3 అనే గాఢనిద్రలో, ఎక్కువగా రాత్రి మొదటి మూడోవంతులో. మెదడు పైపొరలో పెద్ద పెద్ద తరంగాలు నెమ్మదిగా సాగుతుండగా ఏదో కదిలించి సగం మెలకువ వస్తుంది. ఆ ‘సగం’ అంతటా సమానంగా ఉండదు. కొన్ని భాగాలు లేస్తాయి, కొన్ని నిద్రలోనే ఉండిపోతాయి. 2000లో నిద్రనడకలో ఉన్న ఒక రోగి మెదడును, రక్తప్రసరణను చూపే స్పెక్ట్ స్కాన్ పద్ధతిలో చిత్రించారు. గాఢనిద్రతో పోలిస్తే పృష్ఠ సింగులేట్ వల్కలంలో (మెదడు మధ్యలో వెనకవైపు ఉండే పొర), చిన్నమెదడులో రక్తప్రసరణ పెరిగింది. మెలకువతో పోలిస్తే నుదుటి వెనక ఉండే ఫ్రంటల్, నడినెత్తి కింద ఉండే పెరైటల్ భాగాల్లో తగ్గింది. కళ్లు తెరిచే ఉన్నాయని వైద్యుడు అంటే, వాటి చూపు మూసుకుపోయిందని చెలికత్తె అంటుంది. ఇద్దరిదీ నిజమే.

ఇక అసలు చిక్కు. పశ్చాత్తాపం లోపలికొచ్చే దారి మూసేయమని ఆమె మొదటి అంకంలో దుష్టశక్తులను వేడుకుంటుంది. రెండో అంకంలో నెత్తురు కడగడానికి కాసిన్ని నీళ్లు చాలంటుంది. పథకం వేయడం, భయాన్ని అణచడం, ముందువెనకలు గుర్తుంచుకోవడం చాలావరకు ఫ్రంటల్ భాగాల పని. ఆమె అధికారదాహం నడిచిందే వాటి మీద. నిద్రలో మూగబోయేవీ అవే.

చదివేటప్పుడు ఆమె ఒక్కో మాట పక్కన అది ఏ అంకానిదో రాసుకోండి. ‘ఒకటి, రెండు’ అనేది హత్య వేళ: 2. ముసలాయనలో (డంకన్‌లో) ఇంత నెత్తురుందా: 2. ఫైఫ్ ప్రభువు భార్య (మాక్‌బెత్ చంపించిన మెక్‌డఫ్ భార్య) ఏది: 4. బాంకోను (మాక్‌బెత్ చంపించిన మిత్రుణ్ని) పూడ్చేశారు: 3. తలుపు తడుతున్నారు: మళ్లీ 2. కాలక్రమం చెదిరింది, భయం మాత్రం చెదరలేదు. ఛందస్సూ పోయింది. ఇక్కడ ఆమెది వచనం. ఆమె వెళ్లాకే వైద్యుడు పద్యంలోకి వస్తాడు.

అయితే ఆమె నిద్రలోనే కాగితం మడిచి, రాసి, చదివి, సీలు వేసి మళ్లీ పడుకోవడం మరీ పద్ధతిగా ఉంది. నిజంగా నిద్రలో నడిచేవాళ్లలో ఇంత వరస అరుదు. అక్కడ నాటకకర్త కొంచెం స్వేచ్ఛ తీసుకున్నాడనుకోవాలి.

దీన్నిబట్టి నిద్రలో నడిచే ప్రతివాళ్లూ ఏదో తప్పు చేశారనుకోవద్దు. ఇది పిల్లల్లోనే ఎక్కువ, కుటుంబాల్లో వస్తుంది. నిద్రలేమి, ఒత్తిడి దీన్ని రేపుతాయి. నిద్రలో నడిచినా పుణ్యాత్ముల్లా మంచం మీదే కన్నుమూసిన వాళ్లు తనకు తెలుసని వైద్యుడే అంటాడు. దెయ్యం పట్టిందనడం, లేపితే ప్రాణం పోతుందనడం వట్టి మాటలు. హఠాత్తుగా లేపితే గందరగోళంలో చేయి విసురుతారు, అంతే. మెల్లగా మాట్లాడుతూ మంచం దాకా నడిపించడం మేలు. పదునైనవి, గాజు వస్తువులు తీసేయాలి. కిటికీలకు గడియ, మెట్లకు అడ్డు పెట్టాలి. హాని చేసుకోగలిగినవన్నీ ఆమెకు దూరంగా ఉంచి, మీద ఒక కన్నేసి ఉంచమని ఆ వైద్యుడు చెలికత్తెకు చెప్పిందీ ఇదే.