బోరింగు ఎవరు బాగుచేయాలి?

చిట్టీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, "తాతయ్యా, ఆఫ్రికాలో కరెంటు లేని ఊళ్ళకి మన ఇంజనీర్లు వెళ్ళి సోలార్ లైట్లు పెట్టేసి రావచ్చు కదా!" అని. పెట్టి రావచ్చు. వచ్చేశాకే ఉంది అసలు తంటా.

మీ నాన్న చిన్నప్పుడు మన వీధి చివర బోరింగు వేశారు. రెండేళ్ళు నీళ్ళు బాగా వచ్చాయి. తర్వాత లోపల వాషర్ అరిగిపోయింది. మార్చాల్సింది అరచేతిలో పట్టేంత ముక్క! కానీ పైపులు పైకి లాగి దాన్ని మార్చడం ఊళ్ళో ఒక్కరికీ రాదు. నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, వేసవంతా మీ నానమ్మ చెరువు నుంచి బిందెలు మోసింది. ఆ ఉక్రోషం నాకిప్పటికీ పోలేదు.

రాజస్థాన్‌లో, అజ్మీర్ జిల్లాలో తిలోనియా అని ఒక ఊరుంది. 1972లో బంకర్ రాయ్ అక్కడ మొదలుపెట్టిన సంస్థని బేర్‌ఫుట్ కాలేజీ అంటారు. పేరుకే కాలేజీ, సర్టిఫికెట్లు ఇవ్వరు. ఆఫ్రికా పల్లెల నుంచి ఆడవాళ్ళు వచ్చి ఆరు నెలలుండి సోలార్ పని నేర్చుకున్నారు. ఖర్చు మన కేంద్ర ప్రభుత్వం, వేరే దేశాలవాళ్ళకి శిక్షణ ఇచ్చే ఐటెక్ పథకం కింద పెట్టుకుంది. వాళ్ళలో చాలామంది బడి ముఖం చూడనివాళ్ళు, నానమ్మలైనవాళ్ళూ ఉన్నారు. నేర్పేవాళ్ళ భాష వీళ్ళకి రాదు, వీళ్ళ భాష వాళ్ళకి రాదు. మరెలా? సైగలు, రంగులు. కరెంటు ప్రవాహాన్ని తగ్గించే రెసిస్టర్ అనే చిన్న ముక్క మీద, దాని విలువ చెప్పే రంగు చారలుంటాయి. గోధుమ రంగంటే 1, ఎరుపు 2, నారింజ 3. అక్షరాలు రాకపోయినా రంగులు తెలుస్తాయి కదా! టంకం పెట్టడమంటారా, అది పక్కవాళ్ళ చేతిని చూస్తూ మన చేతికి రావాల్సిందే.

కుర్రాళ్ళకి ఎందుకు నేర్పలేదంటారేమో. సర్టిఫికెట్ చేతికి రాగానే ఊరొదిలి పట్నం పోతారని బంకర్ రాయ్ అనేవారు. (నవ్వకండి, మీ నాన్న చేసిందీ అదే.) నానమ్మలైతే పని నేర్చుకుని మళ్ళీ తమ ఊళ్ళోనే ఉంటారు.

నాకు నచ్చింది ఆ తర్వాత సంగతి. లైట్లు వచ్చాక ఇంటింటా నెలకింత కట్టాలి, ఇదివరకు కిరసనాయిలుకి పెట్టిన డబ్బే అనుకోండి. అందులోంచే పని నేర్చుకొచ్చిన ఆవిడకి జీతం, రిపేర్ల ఖర్చు. బ్యాటరీ ఎప్పటికైనా మార్చాల్సిందే, అప్పుడు ఎవరికీ అర్జీ పెట్టక్కర్లేదు.

సెలవులకి వచ్చినప్పుడు మన పాత టార్చిలైటు విప్పుదాం. స్క్రూడ్రైవర్ మీరే పట్టుకోవాలి, నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను.

మీ తాతయ్య