స్కూల్ పిల్లల జలుబు, దగ్గు, ఫ్లూ: నేను రోజూ వినే అపోహలు

పిల్లల డాక్టర్‌గా ఓపీలో నేను ఎక్కువగా వినే ప్రశ్న "రేపు స్కూల్‌కి పంపొచ్చా?" అని. చాలామంది ముక్కు కారుతోందా, దగ్గు ఉందా అనేది చూసి డిసైడ్ చేసేస్తారు, నిజానికి ముందు చూడాల్సింది జ్వరం, పిల్లల హుషారు.

అపోహ: జ్వరం మందు వేశాం, తగ్గింది, పంపేయొచ్చు.

పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుంది గానీ వైరస్‌ని ఏమీ చెయ్యదు. పొద్దున మందు వేసి పంపిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ ఒళ్ళు కాలిపోతుంది, ఈలోపు పక్కన కూర్చున్నవాళ్ళకి అంటుకునే ఉంటుంది. మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే పంపండి. ఫ్లూ అయితే లక్షణాలు కనపడటానికి ఒక రోజు ముందు నుంచే అంటుకుంటుంది, ఆ తర్వాత 5 నుంచి 7 రోజుల దాకా, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు కూడా. కానీ మొదటి మూడు రోజుల్లోనే వైరస్ బాగా ఎక్కువ బయటికొస్తుంది కాబట్టి ఆ రోజులు ఇంట్లో ఉంచినా క్లాస్‌కి చాలా మేలు. అందుకే వంద శాతం అటెండెన్స్‌కి ప్రైజ్ ఇవ్వడం ఆపండని స్కూళ్ళని అడుగుతూనే ఉంటాను, జ్వరంతో ఉన్న పిల్లలు ఆ ప్రైజ్ కోసం ఏడ్చి మరీ వెళ్తారు.

అపోహ: దగ్గు పూర్తిగా పోయేదాకా పంపకూడదు.

మామూలు జలుబు తర్వాత దగ్గు రెండు మూడు వారాలు ఉంటుంది, జ్వరం లేక బాగా తిని ఆడుకుంటుంటే పంపొచ్చు. టీచర్లూ, దగ్గాడని వెంటనే ఇంటికి పంపెయ్యకండి ప్లీజ్. అయితే కోరింత దగ్గు వేరు, తెరలు తెరలుగా ఊపిరి తిరగకుండా దగ్గి చివర్లో వాంతి చేసుకుంటారు, అది సరైన యాంటీబయాటిక్ 5 రోజులు వాడేదాకా, వాడకపోతే దగ్గు మొదలైన దగ్గర్నుంచి మూడు వారాల దాకా అంటుకుంటుంది. తట్టు అయితే దద్దుర్లు వచ్చాక 4 రోజులు ఇంట్లోనే, ఎందుకంటే ఆ వైరస్ మనిషి వెళ్ళిపోయాక కూడా గది గాలిలో 2 గంటల దాకా ఉండగలదు.

అపోహ: చీమిడి పచ్చగా మారింది, యాంటీబయాటిక్ రాయండి.

ఆ రంగు మన తెల్లరక్తకణాల వల్ల వస్తుంది, వైరల్ జలుబులో కూడా రెండు మూడు రోజులకి చీమిడి అలా మారడం మామూలే. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదు. స్ట్రెప్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిన గొంతునొప్పి అని టెస్ట్‌లో తేలితే మాత్రం వాడాలి, రెండో రోజుకే నొప్పి తగ్గినా కోర్సు మధ్యలో ఆపొద్దు, సరిగ్గా వాడకపోతే కొందరిలో రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి.

అపోహ: చల్లగాలి తగిలితే జలుబు చేస్తుంది, క్లాస్ కిటికీలు మూసెయ్యాలి.

జలుబు తెచ్చేది వైరస్. మూసిన గదిలో అందరూ వదిలిన గాలే అందరూ పీలుస్తారు, కాబట్టి కిటికీలు తెరవండి.

ఫ్లూ టీకా ఇంజెక్షన్ వల్ల ఫ్లూ రాదు, అందులో బతికున్న వైరస్ ఉండదు, ఒకట్రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడొచ్చు అంతే. వైరస్ మారిపోతూ ఉంటుంది కాబట్టి ప్రతి ఏడూ వేయించాలి.

ఇంకో మాట, పిల్లలకి జ్వరానికి ఆస్పిరిన్ అస్సలు ఇవ్వొద్దు. ఊపిరి తీసుకుంటే డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా అవుతున్నా, నీళ్ళు కూడా తాగలేకపోతున్నా, లేపినా మగతగానే ఉన్నా స్కూల్ సంగతి తర్వాత, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. తగ్గిన జ్వరం రెండు రోజులకి మళ్ళీ గట్టిగా వచ్చినా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించండి, అది న్యుమోనియా అయ్యుండొచ్చు.