వింటేజ్, స్టాక్, ట్యూనింగ్: కార్ల మాటలపై అపోహలు, వాస్తవాలు

పాత కార్లను బాగుచేసే మా షెడ్డుకు తండ్రీకొడుకులు కలిసి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే మాట పలుకుతూ వేర్వేరు పనులు అడగడం మామూలే. ఎవరిదీ తప్పు కాదు. ఆ మాట నేర్చుకున్న నాటి కారు వేరు, అంతే.

అపోహ: వింటేజ్ అంటే బాగా పాతబడిన కారు.

వాస్తవం: ఈ మాటకు ప్రాచుర్యం తెచ్చిన బ్రిటిష్ అభిమానులకు వయసు కన్నా కాలమే ముఖ్యం. అక్కడ 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ 1930 చివర గీత గీసింది. ఆ తర్వాతి కార్లలో పనితనం పలచబడిందని దాని సభ్యుల నమ్మకం. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాహనం వింటేజ్ అవుతుంది. కాబట్టి 1970 నాటి అంబాసిడర్ మన నిబంధనల్లో వింటేజ్ కాగలదు గానీ, ఆ క్లబ్బు లెక్కలో ఇంకెన్నేళ్లు గడిచినా కాలేదు.

అపోహ: స్టాక్ కారంటే కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉన్న కారు.

వాస్తవం: మన షెడ్లలో నేటికీ అంతే. 1949లో అమెరికాలో కార్ల పందేల సంస్థ నాస్కార్ ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ పోటీలు మొదలుపెట్టినప్పుడూ అంతే. నేటి నాస్కార్ ‘స్టాక్ కారు’ మాత్రం పూర్తిగా పందెం కోసం కట్టినది. దాని హెడ్‌లైట్లు సైతం అతికించిన స్టిక్కర్లే.

అపోహ: ట్యూనింగ్ అంటే పవర్ పెంచడం.

వాస్తవం: అంబాసిడర్, పద్మిని నడిపిన తరానికి ట్యూనింగ్ అంటే గాడి తప్పిన ఇంజిన్‌ను మళ్లీ గాడిలో పెట్టడం. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత తీసి, మాడిన కాంటాక్ట్ పాయింట్లను శుభ్రంచేసి, ఫీలర్ గేజ్ అనే సన్నని కొలత రేకుతో వాటి గ్యాప్‌ను సుమారు 0.4 మిల్లీమీటర్లకు తెచ్చి, టైమింగ్ సరిచూసి, ఐడ్లింగ్ నిలకడగా వినిపించే దాకా కార్బురేటర్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ చెవి ఒగ్గి నిలబడటమే ఆ పని. ఈ తరం అడిగేది ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) రీమ్యాపింగ్; అందులో లాప్‌టాప్ ద్వారా ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్, టర్బో ఉంటే దాని బూస్ట్ (గాలి ఒత్తిడి) మారుస్తారు. ఇంధనం ఎంత, స్పార్క్ ఎప్పుడు అన్న ప్రశ్నలు రెండు చోట్లా ఉన్నాయి గనుకనే పేరు నిలిచిపోయిందని నా అభిప్రాయం.

అపోహ: ట్యూనింగ్‌లో మొదటి మెట్టుకు వాడే ‘స్టేజ్ వన్’ ఈ కాలపు మాట.

వాస్తవం: ఎంజీ కంపెనీ దశాబ్దాల కిందటి తన టీ సిరీస్ స్పోర్ట్స్ కార్లకు వెలువరించిన ట్యూనింగ్ పుస్తకాల్లోనే ఈ స్టేజీలు కనిపిస్తాయి. అప్పట్లో మొదటి మెట్టు ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పి, గాలి, పొగ వెళ్లే దారులైన పోర్టులు నునుపుచేసి, కంప్రెషన్ పెంచడం. ఇప్పుడు సాధారణంగా స్టేజ్ వన్ అంటే ఒక్క బోల్టూ విప్పకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చడం. రెండింటి ఖర్చుకూ పోలికే లేదు. అందుకే మా జాబ్ కార్డులో ‘ట్యూనింగ్’ అని రాయము. పాయింట్లు, ప్లగ్గులు, టైమింగ్, కార్బురేటర్ అని విడివిడిగా రాసి, బండి యజమాని సంతకం తీసుకున్నాకే బానెట్ ఎత్తుతాము.