ముందు ఆ చీపురు లోపల పెట్టేయండి

చిన్నీ, బబ్లూ,

మీ అమ్మ పంపిన ఫొటో పొద్దున్నే చూశాను. కింది ఫ్లాట్ వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన లవ్ బర్డ్స్‌ని మీరు తెచ్చుకున్నారని తెలిసి చాలా సంతోషమేసింది. ఆదివారం ఇద్దరం కలిసి పంజరాన్ని తళతళలాడిస్తాం అమ్మమ్మా అని బబ్లూ పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. కానీ ఆ ఫొటోలో పంజరం పక్కనే గోడకి ఆనించి చీపురు ఉంది, అది చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో సగం సగం చెప్పడం ఎందుకని కూర్చుని రాస్తున్నాను. ముందు ఆ చీపురు లోపల పెట్టేయండి. ఎండిపోయిన రెట్టను పొడిగా ఊడవకూడదు, గీకకూడదు, దులపకూడదు, వాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకూడదు.

ఎందుకో చెప్తాను. మీ తాతయ్య రిటైరైన కొత్తలో తెలిసినవాళ్లు ఊరెళ్తూ ఇలాంటి పంజరమే మా దగ్గర పెట్టి వెళ్లారు. చాలా నెలలుగా ఎవరూ శుభ్రం చేసినట్టు లేదు. తాతయ్య పిట్టల్ని వేరే బుట్టలోకి మార్చి, పంజరాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, ట్రేని బట్టలుతికే బండ మీద టపటపా కొట్టారు. పొద్దుటి ఎండలో ఆ పొడి తెల్లగా లేచి, ఆయన తల చుట్టూ కాసేపు అలాగే నిలబడిపోవడం నేను వంటింటి కిటికీలోంచి చూశాను, అది ప్రమాదమని నాకూ తెలియలేదు. పది రోజులకి జ్వరం, తల పగిలిపోయే నొప్పి, పొడిదగ్గు. మామూలు జ్వరమే అనుకుని మందులు వేసుకుంటే తగ్గలేదు. రెండో డాక్టరుగారు వేసిన మొదటి ప్రశ్న, ఇంట్లో పక్షులున్నాయా అని! ఆయన అనుమానించిన జబ్బు పేరు సిటకోసిస్, చిలక జ్వరం అని కూడా అంటారు. దానికి పనిచేసే డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టాక మూడు నాలుగు రోజుల్లో మనిషి తేరుకున్నారు.

ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పిట్ట రెట్టలోనూ, ముక్కు స్రావంలోనూ ఉండొచ్చు, పిట్ట పైకి హుషారుగా కనిపిస్తున్నా సరే. రెట్ట ఎండి పొడై గాల్లో లేస్తే మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1929, 30 సంవత్సరాల్లో దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన చిలకల వల్ల ఇది చాలా దేశాల్లో పాకి ఎంతోమంది ప్రాణాలు తీసింది. మీ పిట్టలకి ఆ జబ్బు ఉందని నేను అనడం లేదు, ఉందో లేదో చూసి చెప్పలేం కాబట్టి ఉందన్నట్టే జాగ్రత్తపడదాం. పొడి లేవకపోతే ప్రమాదం చాలావరకు తగ్గిపోతుంది, పొడి లేవకూడదంటే ముందు తడపాలి.

ఆదివారం దాకా ఆగకుండా ఈ క్షణమే చేయాల్సింది ఇంకొకటుంది. గింజల గిన్నె చూడండి. ఫొటోలో నిండుగా కనిపిస్తోంది కదా? అది గింజలు కాదురా కన్నా, పొట్టు. ఈ పిట్టలు కొర్రగింజని ముక్కుతో ఒలిచి, లోపలి పప్పు తిని, పొట్టును మళ్లీ అదే గిన్నెలో వదిలేస్తాయి. దూరం నుంచి చూస్తే గిన్నె నిండే ఉంటుంది, వేలు పెడితే అడుగున గింజే ఉండదు. ఎదురుగా నిండు గిన్నె పెట్టుకుని ఆకలితో చచ్చిపోయిన పిట్టలు ఎన్నో. ఈ పిట్ట బరువంతా కలిపి 30, 40 గ్రాములు, పస్తులుండే ఓపిక దానికి ఎక్కడిది? ఆ పొట్టు మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి కవర్లో వేసి మూట కట్టండి, ఊదకండి, అందులో రెట్ట కూడా కలిసి ఉంటుంది. వేరే శుభ్రమైన స్టీలు గిన్నెలో కొర్రలో సజ్జలో వేసి పెట్టండి. నీళ్ల గిన్నె లోపలి అంచు వేలితో తడిమితే జారుడుగా తగులుతుంది, ఆ నాచు నీళ్లు మార్చినంత మాత్రాన పోదు, బ్రష్‌తో రుద్దాలి. ఈ రెండూ అయ్యాక చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. గిన్నెలు వంటింటి సింకులో మాత్రం కడగొద్దు.

ఇప్పుడు పిట్టల సంగతి. ఇద్దరూ ఒక్క ఐదు నిమిషాలు పంజరాన్ని తాకకుండా కూర్చుని చూడండి. ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చుందా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోందా, ముక్కు చుట్టూ సున్నం పెచ్చులా తెల్లగా ఏమైనా పట్టిందా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా శుభ్రం చేసే పని పక్కన పెట్టి, పక్షుల్ని చూసే పశువైద్యుడి దగ్గరికి నాన్నతో తీసుకెళ్లండి. నీలం పిట్టకి గోళ్లు వంకర తిరిగిపోయినట్టున్నాయి, అవి కూడా ఆయనే కత్తిరిస్తారు, మీరు నెయిల్ కట్టర్ పెట్టకండి, గోరు లోపల రక్తనాళం ఉంటుంది. డాక్టరు దగ్గర లవ్ బర్డ్స్ అనకుండా బడ్జెరిగార్ అని చెప్పండి. మన బజారులో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ జాతే, అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. పాపం అని వదిలేద్దామని చిన్నీకి అనిపిస్తుందేమో, వద్దు తల్లీ, పంజరంలో పుట్టి పెరిగినవి, బయట కాకులు బతకనివ్వవు. ఇదే మన రామచిలుక అయ్యుంటే మాట వేరు, దాన్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అటవీ శాఖ వాళ్లకి అప్పగించాల్సి వచ్చేది.

పిట్టల్ని మార్చేటప్పుడు పొద్దున వెలుతురులోనే మార్చండి. గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపి, రెక్కలు పూర్తిగా ఆగిపోయాయని కళ్లతో చూసుకున్నాక మాత్రమే పంజరం తలుపు ముట్టుకోవాలి. కిటికీలు మూసి, అద్దం మీద దుప్పటి కప్పండి. చేత్తో పట్టుకునే బదులు, అరువు తెచ్చిన చిన్న పంజరం తలుపును పెద్ద పంజరం తలుపుకి ఆనించి లోపల కొర్ర కంకి వేలాడదీస్తే, కాస్త టైము పట్టినా వాటంతట అవే వెళ్తాయి. పట్టుకోక తప్పకపోతే నాన్న పట్టుకుంటారు. ఎందుకంటే పక్షులకి మనలా ఊపిరికి సాయపడే డయాఫ్రమ్ ఉండదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి ఆడుతుంది, భయంకొద్దీ ఛాతీ నొక్కి పట్టుకుంటే చేతిలోనే ప్రాణం పోతుంది. తర్వాత వాటిని దూరంగా వేరే గదిలో పెట్టి తలుపు వేసేయండి.

ఇక్కడి నుంచి అసలు పని నాన్నది, మీరిద్దరూ దూరంగా ఉండి అందించాలి, అంతే. అలగకండి, పిల్లల ఊపిరితిత్తుల విషయంలో నేను మాట వినను. నాన్నకి ఎన్-95 మాస్క్, రబ్బరు గ్లవ్స్, తర్వాత విప్పి విడిగా ఉతికే పాత బట్టలు కావాలి. పంజరాన్ని కదిలించక ముందే స్ప్రే బాటిల్‌తో సబ్బునీళ్లు సన్నని తుంపరగా అంతటా కొట్టాలి, ముఖ్యంగా ట్రే మీద. పైపుతో జోరుగా కొడితే ఆ ధాటికే పొడి లేస్తుంది. పది నిమిషాలు ఆగి, ఇంకోసారి కొట్టి, అప్పుడు తడిసిన న్యూస్‌పేపర్‌ని అంచుల నుంచి లోపలికి మడిచి కవర్లో కట్టేసి, పంజరాన్ని మేడమీద కుళాయి దగ్గరికి తీసుకెళ్లాలి. కర్ర మీద కొవ్వొత్తి కారినట్టు గట్టిపడిన రెట్ట ఉంది చూశారా, అలాంటిది ఊచల మీద ఎక్కడున్నా గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి అరగంట వదిలేస్తే మెత్తబడి పాత టూత్‌బ్రష్‌కే ఊడి వస్తుంది.

మురికంతా సబ్బుతో పోయాకే బ్లీచ్. మురికి మీద పోస్తే బ్లీచ్ శక్తి ఆ మురికికే సరిపోతుంది, సూక్ష్మజీవుల దాకా రాదు. లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకి చన్నీళ్లు 32 వంతులు, అంటే లీటరు నీళ్లకి సుమారు 30 మిల్లీలీటర్లు కలిపి, పంజరమంతా తడిపి పది నిమిషాలు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, ఎండలో గలగల ఎండబెట్టాలి. బ్లీచ్‌లో ఇంకేదీ కలపకూడదు. ఇంకా బాగా పోతుందని ఎవరైనా బాత్రూమ్ యాసిడో వెనిగరో పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మనుషులే ఆసుపత్రి పాలవుతారు. ఇక పిట్టల సంగతి చెప్పాలా, వాటి ఒంట్లో ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు కూడా ఉంటాయి, గాల్లో ఉన్న విషం మనకన్నా ముందు వాటికే ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువుల్ని కనిపెట్టడానికి 1986 దాకా కానరీ పిట్టల్ని వాడారు, ఎందుకనుకున్నారు? అందుకే పంజరాన్ని మళ్లీ వంటింటికి దగ్గరగా పెట్టొద్దు, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ ఈ పిట్టల్ని నిమిషాల్లో చంపేస్తుంది. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, రూమ్ స్ప్రే, ఇవన్నీ ఆ గదిలో బంద్.

పాత చెక్క కర్రల్ని కడగకండి, పారేయండి, మురికి వాటి లోపలికంటా ఇంకిపోయి ఉంటుంది. జామ కొమ్మలో వేప కొమ్మలో లావూ సన్నం కలిపి తెచ్చి, కడిగి ఎండబెట్టి పెట్టండి, ఒకే లావు కర్ర మీద ఏళ్లతరబడి నిలబడితే వాటి కాళ్లకి పుండ్లు పడతాయి. గన్నేరు కొమ్మ మాత్రం పొరపాటున కూడా వద్దు, విషం. ఊచలకి తుప్పు పట్టి పెచ్చులు ఊడుతుంటే నాన్నని కొత్త పంజరమే కొనమనండి, పిట్టలు ఊచల్ని కొరుకుతూ ఉంటాయి.

తిరిగి లోపల పెట్టాక ట్రేలో రోజూ కొత్త న్యూస్‌పేపర్ వేయండి. అది చిన్నీ పని. తీసేటప్పుడు రెట్ట రంగు చూడాలి, ముదురాకుపచ్చ, దానితో పాటు తెలుపు ఉంటే బాగున్నట్టే. ఒకటి రెండు రోజులు వరసగా నీళ్లలా ఉన్నా, రంగు మారినా అమ్మకి చెప్పాలి. పొట్టు తీసి గింజలు నింపడం బబ్లూ పని, రోజూ రెండుసార్లు. వచ్చే రెండు మూడు వారాల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరు అడిగేదాకా ఆగకుండా పక్షుల పంజరం శుభ్రం చేశామని మీరే చెప్పండి.

ఆదివారం రాత్రి పంజరం మీద ఒక తెల్లగుడ్డ కప్పి పడుకోండి, గాలి ఆడేలా ఒక పక్క వదిలేసి. పగలు సందుల్లో దాక్కుని రాత్రిళ్లు పిట్టల రక్తం తాగే ఎర్ర పేలు ఏమైనా మిగిలి ఉంటే పొద్దున్న ఆ గుడ్డ మడతల్లో గుండుసూది తల అంత చుక్కల్లా కనిపిస్తాయి. స్కూలుకి వెళ్లే ముందు గుడ్డను బాగా దగ్గరగా ఫొటో తీసి నాకు పంపండి, నేను కళ్లజోడు పెట్టుకుని ఎదురుచూస్తుంటాను.

మీ అమ్మమ్మ