స్వభావమూ నడవడీ: యూనివర్సిటీలో చేరిన పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

పర్సనాలిటీ టెస్టులు రాసి, వచ్చిన స్కోర్లు ఒకరికొకరు చూపించుకుంటున్నారని తెలిసింది. తప్పేం లేదు. కానీ ఆ స్కోరు చూసి ‘నేను తప్పు చేసే రకం కాదు’ అనే ధీమా పెంచుకుంటారేమోనని నా బెంగ.

మనస్తత్వ శాస్త్రం స్వభావాన్ని ఎక్కువగా ఐదు కోణాల్లో కొలుస్తుంది: బాధ్యత, సౌమ్యత, కలుపుగోలుతనం, కొత్త విషయాలపై ఆసక్తి, ఆందోళన పడే తత్వం. ఆష్టన్, లీ అనే పరిశోధకులు నిజాయితీ-వినయం అనే ఆరోదాన్ని చేర్చారు. బాధ్యత, సౌమ్యత ఎక్కువగా ఉన్న విద్యార్థులు చదువులో మోసానికి కొంత తక్కువగా దిగుతారని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ ‘కొంత’ అన్న మాట మరిచిపోకండి, ఆ సంబంధం అంత బలమైనది కాదు.

ప్రిన్స్టన్‌లో మతశాస్త్రం చదివే 40 మందిపై డార్లీ, బాట్సన్ చేసిన ప్రయోగం 1973లో అచ్చయింది. విద్యార్థులను ప్రసంగం ఇవ్వడానికి ఇంకో భవనానికి పంపారు. కొందరి ప్రసంగాంశం బైబిల్లోని మంచి సమరయుడి కథే, అంటే దారిలో పడివున్నవాణ్ణి ఆదుకున్న మనిషి కథ. దారిలో ఒకతను మూలుగుతూ, దగ్గుతూ కూలబడి ఉన్నాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం మంది సాయపడ్డారు. ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్లలో 10 శాతమే ఆగారు. ఎవరు ఆగుతారో వాళ్ల భక్తి ఎలాంటిదన్న దాన్నిబట్టి ముందే చెప్పడం సాధ్యం కాలేదు. వీళ్లు చెడ్డవాళ్లని నేననను. తొందర మనిషి చూపునే ఇరుకు చేస్తుంది.

నన్ను ఇంతకంటే కలవరపెట్టింది ఫ్రాన్స్‌లో జరిగిన అధ్యయనం. ఎదుటివాడికి కరెంటు షాక్ ఇమ్మని ఆదేశిస్తే జనం ఎంతదాకా వెళ్తారో మిల్‌గ్రామ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో పరీక్షించాడు, దాన్నే టీవీ ఆటలా మార్చి చేశారు. నిజానికి షాక్ ఎవరికీ తగల్లేదు, పాల్గొన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆ తర్వాత వాళ్ల స్వభావాలు కొలిచారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, సౌమ్యత, బాధ్యత ఎక్కువగా ఉన్నవాళ్లే ఎక్కువ షాక్‌దాకా వెళ్లే ధోరణి కనిపించింది! పరీక్షలో కాపీ కొట్టనివ్వని గుణాలే అక్కడ ‘కాదు’ అనే మాటను గొంతులో ఆపేశాయి. అందుకే మంచి గుణం ఉన్నవాళ్లకు ఆ గుణం వల్లే జారే చోటు ఒకటి ఉంటుందని నా నమ్మకం. మీలో మెత్తనివాళ్లు అసైన్‌మెంట్ తామై కాపీ కొట్టకపోవచ్చు, స్నేహితుడు అడిగితే మాత్రం తమది ఇచ్చేస్తారు.

స్నేహితుల ప్రభావం ఇంకా పెద్దది. మెకేబ్, ట్రెవినో అనే పరిశోధకులు 31 విద్యాసంస్థల విద్యార్థులను పరిశీలించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, మోసంతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి కనిపించింది ‘తోటివాళ్లూ చేస్తున్నారు’ అన్న నమ్మకం.

కాబట్టి ఈసారి గ్రూప్ ప్రాజెక్టు మొదటి రోజే, డేటా ఎవరు సేకరిస్తారో, తక్కువైతే ఏం చెయ్యాలో మాట్లాడేసుకోండి. సబ్మిట్ చేసే ముందు రాత్రి ఎవరో ‘నాలుగు అంకెలు మనమే వేసేద్దాం’ అంటే, సౌమ్యంగా ఉండేవాళ్లకు నోరు పెగలదు. వాళ్ల తరఫున మీలో ఎవరైనా ముందు వద్దనండి.

మీ క్షేమం కోరే
తాతయ్య